ఒక్కరి కోసం పరిచిన ఆట: కొన్ని పదాలకు వ్యాఖ్యానం

వీడియో గేములు ఆడుతూ పెరిగిన నాలాంటివాళ్లు సోలో బోర్డ్ గేముల వైపు రాగానే ఒక కొత్త పదజాలం మీద పడుతుంది. సెటప్, అప్‌కీప్, ఆటోమా, డెక్, టూ హ్యాండెడ్. కొన్ని పాత పరిచయాల్లా కనిపిస్తాయి గానీ బల్ల మీద వాటి పని వేరు. వాటిలో ముఖ్యమైనవాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ఆటలో అవి ఏం చేస్తాయో చెప్పడానికే ఈ వ్యాఖ్యానం. అన్నిటి వెనకా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వీడియో గేములో యంత్రం చేసే పనంతా ఇక్కడ ఆటగాడి చేతికి వస్తుంది. చాలామంది దాన్ని అదనపు శ్రమ అనుకుని ఆగిపోతారు. ఆటలోని సుఖం అక్కడే ఉందని నా నమ్మకం.

సోలో

పెట్టె మీద 1–4 అని అచ్చయి ఉంటే ఆ ఆటను ఒక్కరు కూడా ఆడొచ్చు. తోడు దొరకనివాళ్ల కోసం చేసిన సర్దుబాటుగా దీన్ని చూసేవాళ్లున్నారు. ఆ మాట సరికాదు. పేకముక్కలతో ఒక్కరే కూర్చుని పేషెన్స్ ఆడుకోవడం మన పెద్దవాళ్లకూ తెలుసు. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చిన సాలిటేర్ మన ఆఫీసుల్లో ఎంతోమందికి మొదటి కంప్యూటర్ ఆట. అది బల్ల మీద పుట్టి తెర మీదికి ఎక్కిన ఆటే. అమెరికాలో యుద్ధ క్రీడలు అచ్చువేసే కంపెనీలు 1980లలోనే ఒక్కరి కోసమే పూర్తి స్థాయి ఆటలు తెచ్చాయి. 1983లో వచ్చిన ‘ఆంబుష్!’ అలాంటిది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక చిన్న దళాన్ని మనం నడిపిస్తాం. ఎక్కడ అడుగు పెడితే ఏం ఎదురవుతుందో, వరస సంఖ్యలు వేసిన పేరాల పుస్తకం చూసి తెలుసుకుంటాం. కంప్యూటర్ ఆట లోపల జరిగే పనిని కాగితం మీద అంత ముందే చేసి చూపించారు.

ఇవాళ సోలో ఆటలు మూడు దారుల్లో వస్తున్నాయి. ఫ్రైడే, అండర్ ఫాలింగ్ స్కైస్ లాంటివి ఒక్కరి కోసమే తయారయ్యాయి. స్పిరిట్ ఐలాండ్ లాంటివి అందరూ ఒక పక్షాన చేరి ఆటనే ఓడించే సహకార ఆటలు. వాటిలో ఒక్కరు కూర్చున్నా ఆట దెబ్బతినదు. వింగ్‌స్పాన్ లాంటివి పోటీ ఆటలు. వాటిలో ఎదుటి మనిషి స్థానంలో ఒక కృత్రిమ ప్రత్యర్థిని కూర్చోబెడతారు. ఏ పెట్టె ఏ దారిదో కొనేముందు కనుక్కోవడం మంచిది, ఎందుకంటే మూడింటి రుచీ వేరు.

రూల్‌బుక్

వీడియో గేమర్ మొదట తడబడేది ఇక్కడే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మొదటి శత్రువు ఎదురొస్తే దూకాలని ఎవరూ చెప్పరు. తగిలి ప్రాణం పోయాక తెలుస్తుంది. 2011 నాటి డార్క్ సోల్స్ ఆ పద్ధతినే ఇంకా కఠినంగా వాడింది. చస్తూ నేర్చుకోవడం మనకు అలవాటైపోయింది. బోర్డ్ గేములో ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. మనకు తెలియని నియమం ఆటలో అసలు జరగదు. తలుపు తీస్తే ఏమవుతుందో మనం చదివి ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.

అందుకే మంచి రూల్‌బుక్ రాయడం ఒక విద్య. వ్లాదా హ్వాటిల్ రూపొందించిన మేజ్ నైట్ 2011లో వచ్చినప్పుడు పెట్టెలో రెండు పుస్తకాలు పెట్టారు. ఒకటి చేయి పట్టుకుని మొదటి ఆట ఆడిస్తుంది, రెండోది పూర్తి శాస్త్రం. బరువైన ఆటే, ఒప్పుకుంటాను. కానీ చదివిన శ్రమకు దక్కే ప్రతిఫలం చూడండి. మేజ్ నైట్‌లో పోరాటానికి పాచిక వేయరు. శత్రువు బలమెంత, కవచమెంత, ఏ దాడికి లొంగడు అన్నదంతా అతని బిళ్ల మీద రాసి ఉంటుంది. మన చేతిలో ఉన్న కార్డులూ మనకు తెలుసు. ఇక మిగిలింది లెక్క. ఈ కార్డును దెబ్బ ఆపడానికి వాడాలా, దెబ్బ కొట్టడానికి దాచాలా, పక్కకు తిప్పి 1 విలువకు ఖర్చుపెట్టాలా అని ఒక్క చేతి మీదే చాలాసేపు కూర్చోవచ్చు. గెలిచినా ఓడినా కారణం మన కళ్లముందే ఉంటుంది. వీడియో గేముల్లో దెబ్బ ఎంత పడుతుందో లెక్కగట్టే సూత్రం కోసం ఫైళ్లు తవ్వేవాళ్లను మనం చూశాం. ఇక్కడ ఆ సూత్రం మొదటి రోజే మన చేతికి ఇస్తారు.

పుస్తకం చదివేటప్పుడు పెట్టెలోని సామాను ముందు పెట్టుకుని, ఒక్కో వాక్యానికీ ఒక్కో బిళ్ల కదుపుతూ చదవాలి. అప్పుడు సగం బరువు తగ్గుతుంది.

సెటప్

ఆటకు ముందు కార్డులు వేరుచేసి, బిళ్లలు కుప్పలు పోసి, బోర్డు పరచడం. లోడింగ్ స్క్రీన్ అని కొందరు అంటారు గానీ నేను ఒప్పుకోను. రోజంతా కంప్యూటర్ ముందు పనిచేసి వచ్చినవాడికి ఈ పరిచే వేళ పనిని పక్కన పెట్టి ఆటలోకి వెళ్లే వ్యవధి. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. సెటప్ ఆటలో సగం సేపు తినే పెట్టెలు ఉన్నాయి, వాటిని సెలవు రోజుకు ఉంచండి. ఇంకో మాట, మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ కింద పల్చటి కార్డులు నిలవవు. కోస్తా ఉక్కపోతకు వంపు తిరుగుతాయి కూడా. ప్లాస్టిక్ తొడుగులు వేస్తే రెండు బాధలూ చాలావరకు తీరతాయి.

అప్‌కీప్

మన వంతు అయ్యాక శత్రువు తరఫున మనమే చేయాల్సిన పని ఇది. కార్డు తిప్పడం, రాక్షసులను కదపడం, రోగాలను పరచడం. వీడియో గేములో ఇది కంటికి కనపడదు, రెప్పపాటులో జరిగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా ఫిర్యాదు చేసేది దీని మీదే: నన్ను ఓడించే పని కూడా నేనే చేయాలా అని. నా సమాధానం, చేయాలి. అలా చేసినప్పుడే ఎలా ఓడుతున్నామో అర్థమవుతుంది.

మాట్ లీకాక్ 2008లో తెచ్చిన పాండెమిక్ చూడండి. ప్రపంచ నగరాలకు నాలుగు రోగాలు పాకుతుంటాయి. ఏ నగరానికి రోగం సోకుతుందో ఒక కార్డుల కట్ట చెబుతుంది. వాడేసిన కార్డులు పక్కన పడుతుంటాయి. ఎపిడెమిక్ కార్డు వచ్చిందంటే ఆ పక్కన పడ్డవాటిని కలిపి, కట్ట అడుగున పెట్టకుండా పైనే పెట్టాలి. అంటే ఇప్పటికే దెబ్బతిన్న నగరాలే మళ్లీ దెబ్బతింటాయి. ఒకసారి రాజుకున్న చోటే రోగం మళ్లీ రాజుకుంటుందన్న సంగతిని ఒక్క కలపడంతో చెప్పేశాడు రూపకర్త. ఆ కార్డులను మన చేత్తో కలిపి పైన పెడుతున్నప్పుడు వచ్చే భయం, తెర మీద ఎర్ర చుక్కలు వాటంతటవే పెరిగితే రాదు.

ఆర్. ఎరిక్ రాయిస్ రూపొందించిన స్పిరిట్ ఐలాండ్ (2017) ఈ పనిని ఇంకా పైమెట్టుకు తీసుకెళ్లింది. దీవులకు పోయి వలసలు స్థాపించే ఆటలు చాలా ఉన్నాయి. ఇందులో మనం ఆ దీవిని కాపాడే ప్రకృతి శక్తులం, వలసదారులే శత్రువులు. వాళ్లు మూడు పనులు చేస్తారు: అడుగుపెడతారు, కడతారు, నేలను పాడుచేస్తారు. ఈ వంతులో అడుగుపెట్టడానికి తిప్పిన కార్డు వచ్చే వంతులో కట్టే గడిలోకి జరుగుతుంది, ఆపై వంతులో పాడుచేసే గడిలోకి జరుగుతుంది. అడవి కార్డు తిరిగిందంటే ఇవాళ అడవుల్లోకి వస్తారు, రేపు అడవుల్లో కడతారు, ఎల్లుండి అడవులను నాశనం చేస్తారు. మొత్తం ప్రమాదం ముందే తెలుసు. మన శక్తులేమో రెండు రకాలు. కొన్ని వాళ్ల వంతుకు ముందు పనిచేస్తాయి, కొన్ని తర్వాత. ఆలస్యంగా పనిచేసే బలమైన శక్తిని ఎంచుకుంటే ఇవాళ్టి నష్టాన్ని భరించి రేపటి నష్టాన్ని ఆపినట్టు. ఆ ఎంపిక ఒక్కో వంతులో ఒక్కో ముఖం చూపిస్తుంది.

వీడియో గేముల్లోనూ శత్రువు ఏం చేయబోతున్నాడో ముందే చూపించే పద్ధతి ఉంది. 2018 నాటి ఇన్‌టు ది బ్రీచ్ దాని మీదే నిలబడింది. అయినా తేడా ఉంది. తెర మీద ఆ సూచనను చదువుతాం. బల్ల మీద ఆ కార్డును మనమే ముందుకు జరుపుతాం. మూడుసార్లు జరిపిన చేతికి నాలుగోసారి ఏం రాబోతోందో కళ్లకంటే ముందే తెలుస్తుంది.

ఆటోమా

పోటీ ఆటలో మనిషి బదులు కూర్చునే కార్డుల కట్ట. డెన్మార్క్‌కు చెందిన మోర్టెన్ మొన్రాడ్ పెడర్సన్ దీన్ని స్టోన్‌మైయర్ గేమ్స్ వారి విటికల్చర్ అనే ద్రాక్షతోటల ఆట కోసం మొదట తయారుచేశాడు. తర్వాత అదే కంపెనీ ఆటలెన్నిటికో ఈ పద్ధతి విస్తరించింది. ఇందులోని ఆలోచన అద్భుతమైనది. ప్రత్యర్థికి ఆట ఆడటం నేర్పనక్కర్లేదు, అతను ఉండటం వల్ల మనకు తగిలే ఇబ్బందిని మాత్రం కల్పిస్తే చాలు.

ఎలిజబెత్ హార్‌గ్రేవ్ రూపొందించిన వింగ్‌స్పాన్ (2019) పక్షులను చేర్చుకునే ఆట. దాని ఆటోమా నిజంగా గూళ్లు కట్టదు, మనలా చేతిలో కార్డులు పట్టుకుని ఆలోచించదు. ఒక కార్డు తిప్పితే చాలు, మనం కన్నేసిన పక్షిని తీసుకుపోతుంది, మనకు కావలసిన ఆహారపు పాచికను లాగేస్తుంది, రౌండ్ చివరి లక్ష్యాల్లో మనతో పోటీకి నిలబడుతుంది. దాని లోపల ఏమీ లేదని తెలిసినా, కావలసిన పక్షి పోయినప్పుడు బాధ నిజంగానే కలుగుతుంది. కంప్యూటర్ ప్రత్యర్థి మన కోసం ఎన్నో లెక్కలు వేస్తుంది. ఆటోమా ఏ లెక్కా వేయకుండానే పోటీని నిలబెడుతుంది. రూపకల్పనలో ఇంతటి పొదుపు నేను మరోచోట చూడలేదు.

ప్రత్యర్థే లేకుండా గడువుతో నెట్టుకొచ్చే ఆటలూ ఉన్నాయి. టెర్రాఫార్మింగ్ మార్స్ (2016) సోలోలో 14 తరాలు గడిచేలోగా అంగారకుడి మీద ఆక్సిజన్ 14 శాతానికి, ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు చేర్చి, 9 సముద్రాలు నింపాలి. మంచి ఆటే, అయితే నన్ను ఎవరూ అడ్డుకోని చోట నాకు అంత ఊపు రాదు.

పాచిక

పాచిక అంటే వైకుంఠపాళి గుర్తొచ్చే తరం మాది. అందులో పాచిక పడ్డాక మనం నిర్ణయించేది ఏదీ ఉండదు. నిచ్చెనైనా పామైనా పాచికదే. అందుకే పాచికల ఆట అనగానే పిల్లల ఆట అనే ముద్ర పడిపోయింది. ఆ ముద్ర చెరగాలంటే తొమాష్ ఉహ్లీర్ ఆట అండర్ ఫాలింగ్ స్కైస్ ఒక్కసారి ఆడితే చాలు. మొదట తొమ్మిది కార్డుల చిన్న ఆటగా పుట్టి, 2020లో చెక్ గేమ్స్ ఎడిషన్ వారి పెట్టెగా వచ్చింది.

పైనుంచి గ్రహాంతరవాసుల ఓడలు దిగుతుంటాయి. కింద భూగర్భంలో మన స్థావరం. ఐదు పాచికలు ముందే వేసేస్తాం, తర్వాత ఒక్కో నిలువు వరసలో ఒక్కోటి పెడతాం. పెద్ద అంకె పెడితే ఆ గదిలో పని బలంగా జరుగుతుంది. పరిశోధన ముందుకు పోతుంది, శక్తి ఎక్కువ పుడుతుంది. కానీ ఆ పాచిక ఎంత చూపిస్తే ఆ వరసలోని ఓడలు అన్ని మెట్లు కిందికి దిగుతాయి. 6 అంటే వరమూ అదే, ఆపదా అదే. 1 పడితే పని అంతంత మాత్రం, ఓడ కూడా ఒక్క మెట్టే దిగుతుంది. పైగా ఐదింటిలో రెండు తెల్ల పాచికలు. ఏదైనా తెల్లది పెట్టగానే మిగిలినవాటిని మళ్లీ వేయాలి. ఎప్పుడు పెట్టాలన్నది కూడా మన చేతిలోనే ఉంటుంది. స్పేస్ ఇన్వేడర్స్ కాలం నుంచి పైనుంచి దిగే ఓడలను కాల్చుతూ వచ్చినవాళ్లకు, ఆ ఓడలను దించేది తమ నిర్ణయమే అని తెలియడం పెద్ద మలుపు.

ఇక్కడ అదృష్టం ముందు వస్తుంది, నిర్ణయం వెనక వస్తుంది. దీనికి ఎదురు పద్ధతి ఆర్కమ్ హారర్: ది కార్డ్ గేమ్ (2016)లో ఉంది. ముందు తెగించి, తర్వాత సంచిలో చేయి పెట్టి ఒక బిళ్ల తీస్తాం. ఎక్స్‌కామ్ ఆడినవాళ్లకు ఆ తెగింపు తెలుసు. 95 శాతం తగులుతుందన్న తూటా గురి తప్పినప్పుడు యంత్రం మోసం చేసిందని తిట్టుకోని వాళ్లు అరుదు. ఆర్కమ్ హారర్‌లో ఆ అనుమానానికి చోటు లేదు. మొదటి పెట్టెలోని కథకు మామూలు కఠినత్వంలో సంచిలో 16 బిళ్లలు వేసింది మనమే. ఏ బలం ఉన్నా ఓడించే బిళ్ల వాటిలో ఒక్కటే. అది చేతికి వచ్చినప్పుడు కోపం తెచ్చుకోవడానికి ఎవరూ మిగలరు. ఈ రెంటిలో నా ఓటు ముందు పాచిక వేసి తర్వాత ఆలోచించే పద్ధతికే.

డెక్

వీడియో గేమర్లకు బాగా తెలిసిన పదం. స్లే ది స్పైర్ (2019) వల్ల కార్డులు చేర్చుకుంటూ, తీసేసుకుంటూ కట్టను మలచుకోవడం కోట్ల తెరల మీదికి పాకిందనిపిస్తుంది. దాని మూలం బల్ల మీదే ఉంది. డొనాల్డ్ ఎక్స్. వాకరీనో 2008లో తెచ్చిన డొమినియన్ ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది. 2024లో స్లే ది స్పైర్ తిరిగి బోర్డ్ గేముగా వచ్చింది. తెర మీద 6 నష్టం చేసే మామూలు దెబ్బ, బల్ల మీద 1 అయింది. మనిషి చేత్తో లెక్కపెట్టాలి కాబట్టి అంకెలన్నీ చిక్కించారు. ఆట మాత్రం చిక్కిపోలేదు.

అయినా డెక్ అంటే ఏమిటో ఒక్క ఆటతో చెప్పమంటే నేను ఫ్రీడెమాన్ ఫ్రీజే ఆట ఫ్రైడే (2011) పేరు చెబుతాను. రాబిన్సన్ క్రూసో దీవిలో చిక్కుకున్నాడు. మనం ఫ్రైడే పాత్రలో ఉండి అతనికి బతకడం నేర్పాలి. మొదట అతని కట్టలో 18 కార్డులు, ఎక్కువ భాగం సున్నాలు, ఒకటి తక్కువలు. దీవిలో ప్రమాదాల కార్డులు రెండు తీసి ఒకదాన్ని ఎంచుకుంటాం. ఆ ప్రమాదాన్ని గెలిస్తే అదే కార్డును తలకిందులు చేసి కట్టలో వేసుకుంటాం. ఇప్పుడది అతను నేర్చుకున్న విద్య.

ఓడితే? ఎంత తక్కువ పడ్డామో అన్ని ప్రాణాలు పోతాయి. కానీ పోయిన ప్రాణాలకు బదులుగా, ఆ పోరాటంలో బయటపడ్డ పనికిరాని కార్డులను శాశ్వతంగా తీసేయొచ్చు. కాబట్టి తెలిసినవాడు మొదట్లో కావాలనే కొన్ని ఓడిపోతాడు. 20 ప్రాణాలతో మొదలైన ఆటలో వాటిని ఖర్చుపెట్టి కట్టను శుభ్రం చేసుకుంటాడు. ఓటమి అంటే రీలోడ్ నొక్కడమే అని అలవాటైన నాకు ఈ ఆట కొత్త చూపునిచ్చింది. ఓటమి కూడా ఆటలో ఒక పనిముట్టే, ఎప్పుడు వాడాలో తెలియాలి. కట్ట అయిపోయి కలిపిన ప్రతిసారీ ఒక వృద్ధాప్య కార్డు చేరుతుంది కాబట్టి ఆలస్యం చేయడానికీ లేదు. చివర రెండు దొంగల ఓడలను ఎదుర్కోవాలి. అరగంట ఆటలో ఒక మనిషి నేర్చుకోవడం, అలసిపోవడం, ముసలివాడు కావడం అన్నీ కార్డుల్లోనే జరిగిపోతాయి.

టూ హ్యాండెడ్

పాండెమిక్ పెట్టె మీద 2–4 అని ఉంటుంది. ఇద్దరి పాత్రలూ ఒక్కరే పట్టుకుని ఆడితే అది టూ హ్యాండెడ్. సహకార ఆటలకు బాగా నప్పుతుంది. పోటీ ఆటలకు నప్పదు, చేతిలోని కార్డులు తనకు తాను దాచుకోలేడు ఎవరూ.

హై స్కోరు

ప్రత్యర్థి లేదు, గడువు లేదు, చివర్లో మార్కులు లెక్కపెట్టుకుని పోయినసారి కంటే ఎక్కువ తెచ్చుకోండి అనే సోలో నియమాలు ఇంకా చాలా పెట్టెల్లో కనిపిస్తాయి. అది సోలో ఆట అనిపించుకోదు. ఓడే అవకాశం లేని చోట గెలుపుకు బరువుండదు. రూల్‌బుక్ చివరి పేజీలో అర పేజీకి సరిపెట్టిన సోలో నియమాలను చూస్తే ఆ పెట్టెను కొట్లోనే వదిలేయండి.

సేవ్

బల్ల మీద సేవ్ లేదు. మధ్యలో లేవాల్సి వస్తే ఫోనుతో ఫొటో తీసుకుని, వీలైతే అలాగే వదిలేయాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో అది కుదరదు, చిన్న ఆటలే ఎంచుకోవాలి. ఇంతకంటే పెద్ద విషయం, వెనక్కి తీసుకోవడం. పాచిక మళ్లీ వేసుకున్నా, కార్డు చూసి మార్చుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ స్వేచ్ఛను నేను రెండుగా విడదీసుకుంటాను. కొత్త సమాచారం బయటపడక ముందైతే వెనక్కి తీసుకోవచ్చు, అది ఆలోచనలో భాగం. కార్డు తిరిగాక, పాచిక పడ్డాక మార్చుకోకూడదు. ఎవరూ చూడకపోయినా ఆ గీత దాటకుండా ఆడినప్పుడే గెలుపు మనదవుతుంది. ఈ నిజాయితీని ఏ యంత్రమూ మనకు అప్పగించలేదు, ఇప్పటిదాకా ఆ కాపలా పని యంత్రమే చేసుకుపోయింది.

ప్రింట్ అండ్ ప్లే

విదేశాల నుంచి వచ్చే పెద్ద పెట్టెల ధరలు మన జేబుకు బరువే. దానికి విరుగుడు ఇది. రూపకర్తలు ఆట ఫైళ్లను ఇస్తారు, కొందరు ఉచితంగానే. వాటిని దళసరి కాగితం మీద అచ్చు తీయించుకుని, కత్తిరించి, తొడుగుల్లో వేసుకుని ఆడుకోవచ్చు. కలర్ ప్రింటర్ ఉన్న జిరాక్స్ షాపు లేని ఊరు ఇప్పుడు తక్కువ.

తెర వదిలేయమని ఎవరికీ చెప్పను, నేను కూడా వదల్లేదు. కంట్రోలర్ పట్టుకున్న చేతులకు ఈ రుచి కూడా తెలియాలని కోరిక. తొమ్మిది కార్డుల ఆట ఒకటి అచ్చు తీసి చూడండి. నచ్చితే ఫ్రైడే కొనండి. అందులో దొంగల ఓడలను ఓడించాక, సెలవు రోజు చూసుకుని స్పిరిట్ ఐలాండ్ పరచండి.